కుడి అంచు పైకొచ్చిన కిమోనో

"ఎవరు పోయారు?"

గుమ్మంలో గొడుగు దులుపుకుంటూ అడిగింది ఓతాకి. ఇసోకిచికి ఒళ్లు మండింది. ఎదురింట్లో ఉంటూ అతని ప్రతి బొమ్మకూ వంక పెట్టే పిల్ల ఇది. తెల్లారితే పోటీ, ఇప్పుడు కూడా తయారైంది!

"ఎవరూ పోలేదు. రేపు నీ ఆశలే పోతాయి," అన్నాడు, తడి ఆరని అచ్చుకాగితం దాచబోతూ.

రేపు ప్రచురణకర్త తొకుబెయి వస్తాడు. వంతెన మీద వాన గీయమన్నాడు. ఆయనకు నచ్చిన బొమ్మ ఈ వేసవిలో ఎడో నగరమంతా అమ్ముడవుతుంది, దాని మీద గీసినవాళ్ల పేరు అచ్చవుతుంది. ఇన్నాళ్లూ ఇసోకిచి గీసినవి గురువు పేరుతో, ఓతాకి గీసినవి తండ్రి పేరుతో వెళ్లాయి. సొంత పేరు కోసం ఇద్దరూ కత్తులు నూరుకుంటున్నారు.

"దాచకు, చూసేశాను. ఆ అమ్మాయి కిమోనోలో కుడి అంచు పైకొచ్చింది. శవానికి కడతారు బాబూ అలా!"

ఇసోకిచి కాగితం మళ్లీ విప్పి చూసుకున్నాడు. నిజమే. అచ్చు పలకలు చెక్కేవాడు పంటినొప్పితో పడుకుంటే "నేను చెక్కలేనా ఏంటి" అని గొప్పకు పోయాడు. చెక్క పలక మీద బోర్లా అతికించాల్సిన కాగితాన్ని వెల్లకిలా అతికించాడు. అచ్చులో కుడి ఎడమైపోయింది.

"కళ్లెక్కడ పెట్టుకుని చెక్కావ్?"

"మొహం మీద."

"ఎవరి మొహం..." అంటూ వంగి చూసి ఆగిపోయింది. తన ఎడమ కంటి కింది పుట్టుమచ్చ బొమ్మలో కుడి కంటి కిందకి మారింది. "దొంగా! ఇది నేను! నన్ను చంపేశావా?"

ఇసోకిచి చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వు నోరు మూసుకునుంటే రేపు గెలిచేదానివి కదా?"

"చచ్చినదాని మీద గెలిస్తే ఏం గొప్ప? మళ్లీ చెక్కే టైము లేదు. ఉలి తియ్, పాదాల గీతలు చెక్కి పారెయ్."

"పాదాలెందుకు?"

"మన బొమ్మల్లో దయ్యానికి పాదాలు గీస్తారా ఎవరైనా? ఎండాకాలం దయ్యాల కథలంటే జనం చెవి కోసుకుంటారు. నీ పిల్లని దయ్యం చేసెయ్!"

మర్నాడు తొకుబెయి దయ్యాన్ని చూసి భలే అంటూ చప్పట్లు చరిచాడు. తర్వాత ఓతాకి బొమ్మ విప్పాడు. అందులో ఒక కుర్రాడు గొడుగు పట్టుకుని, పక్కన ఎవరూ లేని చోటు వైపు చూస్తున్నాడు. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. బొమ్మ తిరగబడిన పుణ్యమా అని దయ్యం చూపు సరిగ్గా ఆ కుర్రాడి మీద పడింది.

"ఈ కుర్రాడు..." తొకుబెయి తలెత్తి ఇసోకిచిని ఎగాదిగా చూశాడు. ఓతాకి గబుక్కున కిటికీ వైపు తిరిగింది. ఆయన నవ్వాడు. "ఇద్దరూ కూడబలుక్కున్నారా? జంటగా వేస్తాను. రెండు పేర్లూ ఉంటాయి!"

బొమ్మలు దుకాణానికి వచ్చిన రోజు వీధంతా గొడుగులే. ఆ తోపులాటలో ఓతాకి తన పేరు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం తడిమింది. పక్కనే ఇసోకిచి గొంతు సవరించుకున్నాడు.

"నువ్వంటే నాకిష్టం ఓతాకీ. వంతెన మీదకి వస్తావా? నా గొడుగు కింద ఇంకా చోటుంది."

"బొమ్మలో నేనిచ్చిన చోటే కదా అది," అని నవ్వి, కిమోనో ఎడమ అంచు పైకి సర్దుకుంది. "పద. బతికే ఉన్నాను, సరిగ్గా చూసి గియ్ ఈసారి."