మైకు ముందు నా పేరు

"జవాబు సూటిగా చెప్పాల. కాయితం చూసి చదవకూడదు. చదివితే ఆ గరగర రేడియోలో ఇనపడుద్ది," అన్నాను, సైకిలు పంపును మైకులా సుభాషిణి నోటి ముందు పెట్టి.

"నూనె కంపు కొడతంది. దూరంగా పెట్టు."

"జానెడు దూరమే ఉండాలంట. రేడియో ఆఫీసరు చెప్పాడు."

నరసరావుపేటలో నాది సైకిలు షాపు. సుభాషిణి వాళ్ళది ఎదురిల్లు. వేరుశనగ కాయలు వలిచి వలిచి ఆడకూలీల వేళ్ళు పుండ్లవుతున్నాయని, సైకిలు తొక్కినట్టు తొక్కి కాయలు వలిచే యంత్రం ఉంటే బాగుంటుందని ఆమె బొమ్మ గీసి ఇచ్చింది. మూడు నెలలు తంటాలు పడి నేను చేశాను. ఆ సంగతి ఆకాశవాణి వాళ్ళ దాకా పోయింది. రేపు ఉదయమే ఆమె ఇంటర్వ్యూ రికార్డింగ్! అది ఎనభై ఆరో సంవత్సరం. రేడియోలో పేరు వినిపించడమంటే మాటలు కాదు. నాకు రెండు రోజులుగా అన్నం సయించలేదు.

"ఈ యంత్రం తయారుచేసింది ఎవరండీ?" అన్నాను గొంతు మార్చి.

"సైకిలు షాపు సాంబశివరావు."

"ఇంకోసారి!"

"సాంబశివరావు, సాంబశివరావు, సాంబశివరావు! చాలా? నీ పేరంటే నీకింత పిచ్చేందయ్యా?"

ఇక దాచలేకపోయాను. "శుక్రవారం వినుకొండ వాళ్ళు నిన్ను చూడటానికి వస్తన్నారంటగా? రేడియోలో నా పేరొస్తే, మీ నాన్న ముందు తలెత్తుకుని నిలబడతా."

"నిలబడి?"

"నిన్ను నాకిమ్మని అడగతా."

ఆమె కళ్ళు ఇంతయ్యాయి. అప్పుడే వాన మొదలైంది. సుభాషిణి నా చేతిలోని పంపును పక్కకు తోసి, ఓణీ నెత్తిన కప్పుకుని రోడ్డు దాటి పరుగెత్తింది. అంతా నేనే చెడగొట్టుకున్నానని నన్ను నేను తిట్టుకున్నాను.

ఉదయం ఆఫీసరు టేప్ రికార్డరుతో దిగాడు. ఎదురింటి వరండా నిండా జనం. సుభాషిణి నాన్న బాబూరావు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూతురి పక్కనే కూర్చున్నారు. నాయనమ్మ వెంకాయమ్మ గడప మీద కూర్చుంది. నేను యంత్రం పక్కన బిగుసుకుపోయి నిలబడ్డాను.

సుభాషిణి అదరగొట్టింది! గంటకు ఎన్ని కాయలు, పప్పు విరగకుండా ఏం చేయాలి, అన్నీ గడగడా చెప్పింది. ఇక మిగిలింది నా పేరొచ్చే ప్రశ్న.

"మరి ఈ యంత్రం తయారుచేసింది ఎవరమ్మా?" అన్నాడు ఆఫీసరు.

సుభాషిణి నోరు తెరిచింది. మూసింది. టేపు తిరుగుతూనే ఉంది.

"ఆయన," అంది సన్నగా.

"ఆయనంటే?"

"అదిగో, ఆయనే," అని నా వైపు వేలు చూపించింది.

"రేడియోలో వేలు కనబడదమ్మా. పేరు చెప్పండి."

ఆమె ముఖం ఎర్రబడింది. తల దించుకుంది కానీ పేరు మాత్రం చెప్పలేదు. నాకు ఒళ్ళు మండింది. నిన్న అన్నిసార్లు అరిచిన మనిషికి ఈవేళ ఏమొచ్చింది? నా ఆశంతా ఆ ఒక్క పేరు మీదే ఉందని తెలిసీ ఇలా చేస్తుందా?

"భయపడబాకమ్మా, చెప్పు," అన్నారు బాబూరావు గారు.

గడప మీద వెంకాయమ్మ పకపకా నవ్వింది. "ఒరేయ్ బాబూరావా! మీ నాన్న పేరు నేనేనాడన్నా నోటితో పలికానంట్రా? నీకింకా తెలవలా?"

సుభాషిణి తల ఎత్తకుండానే కళ్ళెత్తి నన్ను చూసింది. అప్పటికి గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు.

"ఏమ్మా, నిజమేనా?" అన్నారు బాబూరావు గారు.

ఆమె తలూపింది.

ఆయన నన్ను, యంత్రాన్ని, మళ్ళీ నన్ను ఎగాదిగా చూశారు. చొక్కా సర్దుకుని మైకు దగ్గరికి వంగారు.

"సాంబశివరావండీ. మాకు కాబోయే అల్లుడు."

ఆఫీసరు టేపు ఆపాడు. "చివరి మాట తీసేయమంటారా?"

"ఉంచండి," అన్నారాయన. "వినుకొండ వాళ్ళు కూడా వింటారు."