అరవై దాటేదాకా

"తినిపించేశారా?" డాక్టర్ కార్తికేయ గ్లవ్స్ బల్ల మీద పడేశాడు. "ఏమీ పెట్టొద్దని రెండుసార్లు చెప్పాను కదండీ!"

"మీరు సెప్పారు. మా నాన్న యిన్నేదు," అంది నూకరత్నం, ఒడిలోని కుక్కను సవరించుకుంటూ. "సముద్రానికెల్లే మనిషిని కాళీ కడుపుతో పంపడు మా నాన్న. ఆపరేషన్ అంతకంటే పెద్ద ప్రయాణమని తెల్లారగట్లే రెండు ముద్దలు పెట్టీసినాడు."

"మత్తులో కక్కుకుంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మధ్యాహ్నం దాకా ఆగాల్సిందే."

"ఆగుతాం. మరి మీరు తిన్నారేటి?"

అతను బల్ల మీది చల్లారిన టీ గ్లాసు పక్కకు జరిపాడు. పదిరోజులుగా కాంపౌండర్ సెలవులో ఉన్నాడు. తిండి అంటే టీ, బన్ను. పలాసలో వాన కూడా అతనిలాగే అలసిపోయి, కాసేపు కురిసి కాసేపు ఆగుతోంది.

కుక్క పేరు సిరి. నూకరత్నం తల్లి పెంచింది. తల్లి పోయాక ఆమె చీర మీదే పడుకునేది. ఇప్పుడు దాని గర్భసంచి నిండా చీము.

రెండు గంటలకు మత్తిచ్చాడు. "సాయానికి ఎవరూ లేరు. మీరు భయపడతారా?"

"జీడిపప్పు విరక్కుండా పొర తీసే సెయ్యండి ఇది. వొణకదు."

ఆమె వేళ్లను సిరి వెనక కాలి లోపలివైపు పెట్టించాడు. "నాడి ఇక్కడ. పోతే వెంటనే చెప్పండి."

చీము సంచి బయటికి వచ్చేసరికి బీపీ మిషన్ మీద యాభై రెండు కనిపించింది.

"అరవై దాటాలి," అన్నాడు. "తగ్గితే కిడ్నీలు దెబ్బతింటాయి."

ఇంటికో కిడ్నీ రోగి ఉన్న ఉద్దానంలో ఆ మాటకు ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. నూకరత్నం పెదవి కొరుక్కుంది. తల్లిని మూడేళ్లు డయాలసిస్‌కి తిప్పిన పిల్ల.

అతను ముందు మత్తు తగ్గించాడు. సెలైన్ వేగం పెంచాడు. "ఒళ్లు చల్లబడుతోంది," అనగానే ఆమె రెండో చేత్తో చున్నీ లాగి సిరి పాదాలకు చుట్టింది. అతను సిరంజితో బీపీ పెంచే మందు కొద్దికొద్దిగా ఎక్కించాడు.

మిషన్ మీద అంకెలు పోయి గీతలు వచ్చాయి. కార్తికేయ చెయ్యి ఆగిపోయింది.

"ఉంది," అంది నూకరత్నం. "మిషన్‌కి తెలీట్నేదు గానీ, నా ఏలికి తగుల్తంది. దారంలాగ."

"నిజంగానా?"

"రేషన్ మిషన్‌కి నా ఏలిముద్ర పడదు. గీతలన్నీ జీడి సొన తినీసింది. అలాగని నా ఏలు సచ్చిపోనేదు డాక్టరుగారూ! మీరు కుట్టండి."

అతను కుట్టాడు.

"దారం తాడయ్యింది," అంది కాసేపటికి. మిషన్ మళ్లీ పలికింది. అరవై నాలుగు.

ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు. ఆమె చెయ్యి తియ్యలేదు. తియ్యమని అతనూ చెప్పలేదు.

మూడో రోజు ఆమె వచ్చింది. ఐదో రోజూ వచ్చింది, చేతిలో కేరేజీతో.

"కుట్లు పదో రోజుకి కదా?"

"సిరి బాగానే ఉంది. దాని కిడ్నీలూ బాగున్నాయని మీరే సెప్పారు. ఇది మీకు." మూత తీసింది. వేడన్నం, చింతకాయ వేసిన ఎండుచేపల కూర. "మా నాన్న కట్టి పంపాడు."

"ఆయన సముద్రానికి వెళ్లేవాళ్లకే కదా కడతారు?"

"ఆఁ. అదీ ఇంటోళ్లకే. పైవోళ్లకి కట్టడు." ఆమె కిటికీ వైపు చూస్తోంది. "నాను అడగనేదు. ఆయనే కట్టాడు."

కార్తికేయ చెయ్యి కడుక్కొచ్చి మొదటి ముద్ద కలిపాడు. ఇన్నాళ్ల అలసట ఎక్కడుందో ఇప్పుడే తెలిసినట్టు భుజాలు దిగాయి.

"నూకరత్నంగారూ, మీ నాన్నని చూడ్డానికి ఆదివారం రానా?"

"రండి." నవ్వింది. "కాళీ కడుపుతో రండి. ఆ రోజు మాత్రం తినిపించినందుకు మా నాన్నని ఎవలూ తిట్టరు."