నాలుగో గీత

మా ఆయన హ్యూ పోయిన ఆర్నెల్లకి ఆయన కాగితాలన్నీ బల్ల మీద పరిచాను. పొద్దుటి పూట. ఆడపిల్లలిద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని మొక్కజొన్న ఒలుస్తున్నారు. లోయలో అందరి పొలాలూ కొలిచిన మనిషి సొంత నూటయాభై ఎకరాల పటాన్ని మాత్రం సగంలో వదిలేశాడు. మూడు వైపులా గీతలున్నాయి. నాలుగో వైపు ఖాళీ.

కొలత పుస్తకం చివరి పుటలో ఆయన దస్తూరీ కనబడింది. "నాలుగో గీత. రెండుసార్లు వెళ్లాను. ముగియలేదు."

ఎందుకు ముగియలేదో రాయలేదు. అప్పుడు ఆయన వెంట కొలత గొలుసు పట్టిన కూలీలు ఎప్పుడో కరోలినా వైపు వెళ్లిపోయారు.

మూడు వైపులు తెలిస్తే నాలుగోది లెక్క కట్టొచ్చు. పదేళ్లుగా ఆయన పటాలకు మంచి ప్రతులు గీసింది నేనే. లెక్క కడితే సరిగ్గా ముప్పై గొలుసులు వచ్చాయి. షెనాండో లోయలో కొలతదారులందరూ చేసే పని ఇదే. మూడు వైపులు నడుస్తారు, నాలుగోది చెట్టు నీడన కూర్చుని రాసేస్తారు. కాని ఇదే నేలకి డంకన్ ఓర్ కూడా అర్జీ పెట్టుకున్నాడు. మేం ఎక్కడ తప్పుతామా అని కాచుకుని ఉన్నాడు. నెలాఖరులోగా గొలుసు మనుషుల ప్రమాణంతో సహా పటం కచేరీలో ఇవ్వకపోతే నేల అతనిదవుతుంది. చలికాలం ముంగిట నేనూ పిల్లలూ రోడ్డున పడతాం.

"ముప్పై అని రాసి పడెయ్, వదినా," అన్నాడు మా మరిది ఆర్చీ. "అన్నయ్యే ఉంటే అదే చేసేవాడు."

"మీ అన్నయ్య చెయ్యలేదుగా. బైబిలు మీద చెయ్యి పెట్టాల్సింది నువ్వు. నడవకుండా నడిచానని చెబుతావా?"

"నడుస్తాలే. బూటులో రాళ్లు దూరుతున్నాయి, అంతే నా బాధ."

"బూటున్నవాడికే రాళ్ల బాధ," అన్నాడు పక్క పొలం యోస్ట్. అరవై దాటిన జర్మను ముసలాయన. అక్టోబరులో కూడా ఒట్టి కాళ్లతోనే తిరుగుతాడు.

మూడో గీత ముగిసిన నల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలుపెట్టాం. గొలుసు పొడవు ఇరవైరెండు గజాలు. ముందు కొస ఆర్చీది, వెనక కొస యోస్ట్‌ది. దిక్సూచి పట్టుకుని నేను యోస్ట్ పక్కన. గొలుసు బిగియగానే యోస్ట్ "గుచ్చు" అని అరుస్తాడు. ఆర్చీ ఇనుప ఊచ నేలలో దించి "గుచ్చాను" అంటాడు. మేం అక్కడికి చేరాక యోస్ట్ ఆ ఊచ పీకి చేతిలో పెట్టుకుంటాడు. మొత్తం పది ఊచలు. పదీ యోస్ట్ చేతికి వచ్చాయంటే పది గొలుసులైనట్టు. అప్పుడు ఆర్చీ ఆగి, ఊచలన్నీ తీసుకుని మళ్లీ బయలుదేరాలి.

పది అయింది. ఇరవై అయింది. రెండుసార్లూ ఆర్చీ ఆగి, ఊచలు తీసుకుని, బూటుని తిట్టుకుంటూ ముందుకెళ్లాడు.

ఆ తర్వాత పొగమంచు దిగింది. మిట్టమధ్యాహ్నం. తడి ఆకుల కుళ్లు వాసన. పిట్ట కూత కూడా లేదు. ఇరవై గజాల అవతల ఆర్చీ కనబడటం మానేశాడు. గొలుసు మాత్రం బిగుస్తోంది, మాట వస్తోంది.

"గుచ్చు."

"గుచ్చాను."

నడిచాం. పీకాం. నడిచాం. యోస్ట్ చేతిలో పదో ఊచ పడింది.

"ముప్పై. మూల రాయి ఇక్కడే ఉండాలి," అన్నాను.

రాయి లేదు. చెట్లు, మంచు. ఆర్చీ ఆగలేదు. యోస్ట్ చేతిలోని గొలుసు మళ్లీ బిగిసింది. అలవాటు కొద్దీ ఆయన నోట మాట వచ్చేసింది.

"గుచ్చు."

"గుచ్చాను."

యోస్ట్ తన చేతిలోవి లెక్కపెట్టాడు. రెండుసార్లు. పది.

"అమ్మాయ్... వాడి దగ్గర ఊచలు లేవు. ఏం గుచ్చాడు?"

వెళ్లి చూశాం. తొక్క ఒలిచిన తెల్లటి కర్ర. చెక్కిన చోట ఇంకా పచ్చిగా, తడిగా ఉంది.

వెనక ఆకుల చప్పుడైంది. తిరిగాను. ఆర్చీ. ఒక బూటు చేతిలో ఉంది. ఒగరుస్తున్నాడు.

"ఏంటి వదినా, పిలుస్తుంటే ఆగరేం? బూటులో రాయి తీసుకుందామని గొలుసూ ఊచలూ కింద పెట్టి కూర్చున్నాను. ఇద్దరూ నా పక్కనుంచే వెళ్లారు. కళ్లెత్తి చూడలేదు."

"ఎప్పుడు?"

"ఇరవై దాటిన వెంటనే."

ముగ్గురం గొలుసు వంక చూశాం. బిగుసుకునే ఉంది. అవతలి కొస మంచులో ఉంది. ఈసారి మేం అడగకుండానే వచ్చింది.

"గుచ్చాను..."

"వదిలెయ్, పెద్దాయనా," అన్నాను మెల్లగా.

యోస్ట్ వదిలాడు. గొలుసు కింద పడలేదు. ఆకుల మీంచి గలగలమంటూ ముందుకి పోయింది. తొందరేమీ లేదు. నడిచే మనిషి లాగినట్టు.

ఆ సాయంత్రం పటంలో నాలుగో గీత గీశాను. ముప్పై అని రాశాను. మర్నాడు ఆర్చీ, యోస్ట్ కచేరీకి వెళ్లి బైబిలు మీద చేతులు పెట్టి అదే చెప్పారు. తప్పే. కాని పిల్లల్ని మంచులోకి తోలేదాన్ని కాను.

మూడో రోజు పటం తీసుకుని ఒక్కదాన్నే కచేరీకి వెళ్లాను. గుమాస్తా ఓపిగ్గా చూశాడు. లక్క కరిగించాడు.

"బాగుందమ్మా. గొలుసు మనుషులు ముగ్గురు కదూ?"

పటం కింద నేను రాసిన పేర్ల వంక చూశాను. రెండే.

"మూడో అతను పొద్దున్నే వచ్చి ప్రమాణం చేశాడు. సంతకం రాదట, గుర్తు గీశాడు. నిలువునా తడిసి ఉన్నాడు పాపం. మీ మనిషేనా? కాదంటే మాత్రం ఈ పటం పక్కన పెట్టాలి. ఓర్ గారు బయటే కూర్చున్నారు."

కిటికీలోంచి డంకన్ ఓర్ టోపీ కనబడుతోంది.

"మా మనిషే," అన్నాను.

గుమాస్తా ముద్ర ఒత్తాడు. నేల మాదైంది. కాగితం నా చేతిలో పెడుతూ నవ్వాడు.

"పనిమంతుడమ్మా. మీరు ముప్పై రాశారా, అతనేమో ఎనభై నాలుగు దాటాయి, ఇంకా ఆపలేదంటాడు. 'మా మనిషే' అని ఆమె ఒప్పుకుంటే చాలు, మరో పదహారు గొలుసులకి ఇంటి గడప వస్తుంది, చీకటి పడేలోగా ముగించేస్తానన్నాడు."

మా ఇల్లు ఆ గీత దిక్కున లేదు.

ఇంటి దగ్గర పిల్లలిద్దరే ఉన్నారు.