ఖారూన్‌కి సెత్తిమియో చెప్పుకున్న పాపాలు

ఇటలీలో మా తార్క్వీనియా ఊళ్లో పుట్టినవాడెవడూ చీకటి పడ్డాక ఖారూన్ గుంట వైపు పోడు.

గుంటంటే నిజానికి సమాధి. మాకంటే రెండువేల ఏళ్లకు ముందు ఈ గుట్ట మీద బతికిన ఎత్రుస్కులు, చచ్చినవాళ్ల కోసం రాయి తొలిచి గదులు చేశారు. గోడల నిండా బొమ్మలేశారు. మిగతా గదుల్లో విందులూ, వేణువులూ, చేపలు పట్టేవాళ్లూ... చక్కగా ఉంటాయి. ఈ ఒక్కదాంట్లో మాత్రం ఖారూన్. చచ్చినవాణ్ణి తీసుకుపోవడానికొచ్చే భూతం. నీలం ఒళ్లు, గద్ద ముక్కు, గాడిద చెవులు, భుజాన పెద్ద సుత్తి. రాత్రిళ్లు ఆ సుత్తి మోగుతుందని మా అమ్మమ్మ చెప్పేది. అదంతా మూఢనమ్మకం అనేవారు మా చర్చి ఫాదర్ గారు — కానీ ఆయనా చుట్టుదారినే పోయేవారు.

సెత్తిమియో మాత్రం తిన్నగా లోపలికే పోయాడు. జైలు నుంచి వచ్చాక, మా వైన్ కొట్లో మూడో గ్లాసు దగ్గర, తనే చెప్పాడు నాకు.

అతనిది సమాధులు తవ్వే పని. దొరికిన కుండలూ బొమ్మలూ దొంగచాటుగా అమ్ముకునేవాడు. మొదట్లో తోడుగా ఫియోరెంజో ఉండేవాడు. రెండేళ్ల కిందట ఫియోరెంజో పెళ్లాన్ని వదిలేసి, సర్కస్‌లో తాడు మీద నడిచే ఆవిడతో లేచిపోయాడు. ఊరంతటికీ ఆ సంగతి మోసింది సెత్తిమియోనే. ఆ రోజు నుంచీ ఫియోరెంజో పెళ్లాం ఎర్సీలియా, తొట్టి దగ్గర బట్టలు బాదుతూ మొగుణ్ణి తిట్టని తిట్టు లేదు. మేం తిట్లు నేర్చుకున్నదే ఆవిడ దగ్గర.

సరే... జూన్ నెల. చంద్రుడు లేని రాత్రి. ఎవరో పైదేశం వాడు ఖారూన్‌ని గోడ నుంచి కోసి తెమ్మన్నాడట. సెత్తిమియో రంపం, దీపం పట్టుకుని మెట్లు దిగాడు. ఒంటరిగా.

దీపం ఎత్తి చూస్తే — ఎదురుగా గోడ మీద ఖారూన్.

“ఏం బావా, బాగున్నావా?” అన్నాడు సెత్తిమియో. “అందర్నీ నువ్వు తీసుకుపోతావు కదా. ఇవాళ నిన్ను నేను తీసుకుపోతా.”

భయం పోవడానికి అలా అన్నానని ఇప్పుడు ఒప్పుకుంటాడు. రంపం గోడకి ఆనించాడు. సున్నం పొడి రాలింది. ఖారూన్ మోచేతి దాకా కోశాడు...

టక్.

రంపం ఆపాడు. తన గుండె చప్పుడే అనుకున్నాడు.

టక్... టక్...

రాతి మెట్ల మీద. ఒక్కో మెట్టూ దిగుతోంది — కొయ్యా రాయీ తగిలే చప్పుడు. దీపం జారి పడి ఆరిపోయింది. గది గుమ్మంలో ఇంకో వెలుగు... చిన్న లాంతరు. దాని పైన ఒక మొహం.

నీలం మొహం. గద్ద ముక్కు. భుజాన సుత్తి.

మా సెత్తిమియో మోకాళ్ల మీద కూలబడ్డాడు. చర్చిలో కూడా అంత వేగంగా ఎప్పుడూ మోకరిల్లలేదట.

“దొరా... తప్పయింది దొరా! నీ చెయ్యి మళ్లీ అతికిస్తాను. అన్నీ చెప్పేస్తాను. ఫాదర్ గారి బాతుని నేనే తిన్నాను. వైన్‌లో నీళ్లు కలిపాను. మా అత్తగారి అంత్యక్రియల్లో నవ్వాను...”

నీలం మొహం కదల్లేదు. వినడానికే వచ్చినట్టు నిలబడింది.

“ఇంకా ఉంది దొరా...” నుదురు నేలకి ఆనించాడు. “ఫియోరెంజో ఎవరితోనూ పోలేదు. నేను చంపలేదు, ఒట్టు! వేటగాళ్ల బొమ్మలున్న సమాధిలో ఇద్దరం తవ్వుతుంటే కప్పు కూలింది. వాడు కింద ఉండిపోయాడు. పిలిచాను... పలకలేదు. చెబితే జైల్లో వేస్తారని పారిపోయాను. ఆ సర్కస్ కథ నేను పుట్టించిందే.”

సుత్తి దబ్బున నేల మీద పడింది.

తర్వాత, గుసగుసగా —

“పిలిచావా? ఎన్నిసార్లు పిలిచావు?”

ఆ గొంతు సెత్తిమియోకి తెలుసు. ఊళ్లో ఎవరికైనా తెలుసు.

“వదినా...?”

గుట్టకి ఆ వైపు ఎర్సీలియా ద్రాక్షతోట. సాయంత్రం తీగలకి మైలుతుత్తం మందు కొడుతుంటే, పంపు మూత ఊడి ఆ నీలం మందంతా మొహాన పడిందట. గద్ద ముక్కు మాత్రం ఆవిడ సొంతం. తోటలో కడుక్కోవడానికి నీళ్లు లేవు. గుడిసెలో పడుకుంటే గుంటలోంచి రంపం చప్పుడు. దొంగ వెధవ ఎవడో చూద్దామని, గుంజలు దిగ్గొట్టే కొయ్య సుత్తి ఊతంగా పెట్టుకుని దిగి, గుమ్మంలో దాన్ని భుజానికెత్తింది.

“మూడుసార్లు పిలిచాను వదినా,” అన్నాడు సెత్తిమియో.

“లే. ఎక్కడో చూపించు.”

తిట్టలేదు. అదే తనని ఎక్కువ భయపెట్టిందంటాడు.

వేటగాళ్ల సమాధిలో ఇద్దరూ తవ్వారు. తెల్లవారుజామున కోటు దొరికింది. కోటుతోబాటు ఫియోరెంజో. ఎర్సీలియా పక్కనే కూర్చుని, ఆ కోటు మీద మట్టి చాలాసేపు దులిపింది. నీలం మొహం మీద రెండు తెల్లటి చారలు దిగాయి.

“రెండేళ్లు,” అంది కోటుతో. “రోజూ తిట్టానే నిన్ను... ఒక్కసారి కలలోకొచ్చి ‘నోర్ముయ్యవే’ అనొచ్చుగా!”

తర్వాత ముక్కు చీది, సెత్తిమియో వైపు తిరిగింది.

“పోలీసుల దగ్గరికి నువ్వే నడిచి వస్తావు. ముందు ఈయన్ని ఇంటికి చేర్చాలి. నువ్వు కాళ్లు పట్టుకో.”

దుప్పట్లో చుట్టి, ఆవిడ ముందూ అతను వెనకా, గుట్ట దిగుతున్నారు. మలుపులో పాలబండి ఎదురైంది. బండి తోలే ఎవరిస్తో అనేవాడు చూశాడు — మసక వెలుతురులో నీలం మొహం, మధ్యలో శవం, వెనక ఏడుస్తూ సెత్తిమియో.

“ఒరేయ్, ఆగరా! నీ కోసమే చూస్తున్నా!” అని అరిచింది ఎర్సీలియా. ఆవిడకి కావలసింది బండి.

ఎవరిస్తో గాడిదనీ పాలక్యాన్లనీ వదిలేసి, చెప్పులు కూడా వదిలేసి, ఊళ్లోకి పరిగెత్తాడు. చర్చి గంట తాడు పట్టుకుని ఊరంతా లేచేదాకా లాగాడు.

అలా, గంటలు మోగుతుండగా, ఊరు ఊరంతా రాత్రి చొక్కాల్లో, దుప్పట్లు కప్పుకుని వీధిలోకొచ్చి నిలబడుండగా, ఫియోరెంజో పాలబండి మీద ఇంటికొచ్చాడు. గాడిదని తోలుతున్నది పెళ్లాం.