గోడ కట్టని ఊళ్ల రాజు

తొర్రూరు బస్టాండు ఎదుట సెల్‌ఫోన్ల రిపేరు షాపు నడిపే చంద్రమోహన్, పగిలిన ఒక ఫోన్‌కు కొత్త డిస్‌ప్లే వేసి ఆన్ చేయగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తెర మీద ఒక కోట. దాని కింద 'వజ్రమ్మ' అన్న పేరు. ఇరవై రోజులుగా, తాను ఫోన్‌లో ఆడే ఊళ్లు కట్టే ఆటలో, తన ఊళ్ల మీద పడి ధాన్యమంతా ఊడ్చుకుపోతున్న దొంగ పేరు అదే!

"గీ ఆట ఆడేది మీరేనా?" అని గయ్యిమన్నాడు.

కౌంటర్ అవతల వానకు తడిసిన చున్నీ పిండుకుంటున్న అమ్మాయి చల్లగా చూసింది. "నేను కాదన్నా, మా అవ్వ. నేనే నేర్పిన. ఏమైంది?"

"ఏమైందా? రోజూ నాలుగు కొట్టంగనే వచ్చి దోచుకపోతున్నది!"

"పగటిపూట పండుకొని గప్పుడే లేస్తది మరి." ఆమెకు నవ్వు ఆగలేదు. "అంటే ఐదూర్ల రాజు మీరేనా? గోడ లేదు, కావలి లేదు. మా అవ్వ మిమ్ములను రోజూ యాది చేస్తది."

చంద్రమోహన్ కోపం ఎటు పోయిందో తెలియదు గాని, 'అన్నా' అన్న ఆ పిలుపు మాత్రం అతని ప్రాణానికి గుచ్చుకుంది.

ఆమె పేరు శ్వేత. నర్సింహులపేట బడిలో చదువు చెప్పి రోజూ సాయంత్రం తొర్రూరులో బస్సు దిగుతుంది. తర్వాత ఛార్జర్ వంకతో ఒకసారి వచ్చింది, ఇయర్‌ఫోన్ వంకతో ఇంకోసారి. మూడోసారి వంక వెతుక్కునే శ్రమ కూడా పెట్టుకోలేదు. ఈ రాకపోకల్లో అన్న పోయాడు, మీరు పోయింది, నువ్వు మిగిలింది.

ఒకరోజు నవ్వకుండా వచ్చింది.

"ఆదివారం భూపాలపల్లి నుంచి నన్ను చూడనీకి వస్తున్నరు. నాకు నువ్వే కావాలె. మా ఇంట్ల అవ్వ మాటే చెల్లుతది. వచ్చి అడుగు."

ఆ సాయంత్రమే చంద్రమోహన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వాళ్లింటికి వెళ్లాడు. వజ్రమ్మ కళ్లద్దాలు సర్దుకుని అతన్ని కింది నుంచి మీది దాకా చూసింది.

"ఐదూర్లోనివి నువ్వేనా? ఒక్క ఊరికి గోడ లేదు, నిన్న ఆరో ఊరు మొదలుపెట్టినవ్. ఉన్నదే కాపాడుకోనోనికి పిల్లనెట్ల ఇస్త?"

"కాపాడుకుంటనవ్వా."

"అయితే ఆదివారం పొద్దుగాల నా దండుతోని వస్త. ఆపినవా, పిల్ల నీదే. లేకుంటే భూపాలపల్లోళ్లకు చాయ్ పెడ్త."

చంద్రమోహన్ షాపు సగం షట్టర్ దించేశాడు. ఆటలో పొలాలన్నీ కూలగొట్టి ఆరూళ్ల చుట్టూ గోడలు లేపి సైనికులను పెట్టాడు. శుక్రవారం చూస్తే తిండి లేక సైనికులంతా పారిపోయారు. గోడలున్నాయి, కాసేవాడు లేడు.

శ్వేత తల పట్టుకుంది. "నీకు అయితే అంతా పొలమే, లేకుంటే అంతా గోడే! నాలుగూర్లు ఇడ్సిపెట్టు. రెండే ఉంచుకో. ఒకటి పండియ్యాలె, ఒకటి కాయాలె."

"ఇన్ని రోజులు నిద్ర లేక కట్టిన ఊర్లు..."

"మరి నేను?"

చంద్రమోహన్ అప్పటికప్పుడు నాలుగు ఊళ్లూ వదిలేసి, ఒక ఊళ్లో పంట వేసి, రెండో ఊళ్లో కొత్త సైనికులను పెట్టాడు.

ఆదివారం పొద్దున వజ్రమ్మ తన ఇంట్లో కూర్చుని ఆటలో దండునంతా దింపింది. ఎదురుగా మంచం అంచున కూర్చున్న చంద్రమోహన్ తన ఫోన్ మీదికి వంగాడు. తెర మీద గోడ ఒక మూల కూలింది. గుమ్మం దగ్గర శ్వేత గోళ్లు కొరుక్కుంటోంది. ఇంకో మూల బీటలు వారుతుండగా, కడుపు నిండా తిన్న సైనికులు గోడ వెనుక నుంచి ఒక్కుమ్మడిగా లేచారు. అవ్వ దండులో సగం అక్కడే పడిపోయింది. మిగతా సగం వెనక్కి పరుగెత్తింది.

వజ్రమ్మ కళ్లద్దాలు తీసి ఫోన్ పక్కన పెట్టింది. తర్వాత కొడుకును, అంటే శ్వేత నాన్నను, కేకేసింది.

"ఓదెలూ, భూపాలపల్లోళ్లు ఏడిదాక వచ్చిన్రో అడుగు. పరకాల దాటకుంటే మళ్లిపొమ్మను."

"దాటితే?"

"చాయ్ తాగి పొమ్మను. పిల్లకు కుదిరిందని చెప్పు."

శ్వేత అవ్వను గట్టిగా కౌగిలించుకుంది. చంద్రమోహన్ మంచం మీది నుంచి లేచాడు.

"అవ్వా, మరి పెండ్లి ఎప్పుడు?"

"దసరా దాటంగనే. ముందుగాల గా కూలిన మూల కట్టుకో పో. నాలుగింటికి మళ్ల వస్త."