సోమలింగం బద్లీ

చనిపోయిన మనిషి లాగిన్ అయ్యాడు!

నరహరి వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

బమ్రోలిలో చిన్న గది. బయట అప్పుడే చీకటి పడుతోంది. లాప్‌టాప్ నల్ల తెర మీద ఒకే ఒక్క పేరు...

సోమలింగం.

మొన్న పాండేసర డైయింగ్ మిల్లులో మంటలు లేచాయి. రాత్రిపూట కెమెరాలు చూసే సోమలింగం కాక లోపలే కాలిపోయాడు. తాగి పడుకున్నాడన్నాడు మిల్లు సేఠ్.

కాదు. తలుపుకి బయటినుంచి తాళం వేశారు. ఎవరు వేశారో మిల్లు సర్వర్‌కి తెలుసు. కెమెరా రికార్డింగ్ అందులో ఉంది. ఇంకెక్కడా లేదు.

"రేపొచ్చి తీసుకుంటాం. ఎవరూ ముట్టుకోవద్దు" అన్నారు పోలీసులు.

కాపలా నరహరిది. మిల్లులో నెట్‌వర్క్ అతనే చూస్తాడు. నెట్ తక్కువ, నెట్టుకురావడం ఎక్కువ.

ఇప్పుడు కాక పేరుతో ఎవరో దూరారు! ఎక్కడో బయటి అడ్రస్. తిన్నగా కెమెరా ఫోల్డర్‌లోకి... ఫైల్ బయటికి పోతోంది...

ఎత్తుకెళ్తారు. ఆ తర్వాత చెరిపేస్తారు.

సేఠ్ మనిషే. ఇంకెవడు?

ఫైర్‌వాల్! ఒకే ఆజ్ఞ. బయటినుంచి ఏదొచ్చినా ఆపెయ్.

ఎంటర్.

ఆగింది.

మొన్న ఫైర్ ఆపలేకపోయాడు. ఇవాళ వాల్ కట్టాడు. కళ్ళు తడిశాయి.

ఫోన్ మోగింది. నవత. కాక కూతురు.

"అన్నా, జర చూడవా. సగంల ఆగింది."

"ఏంది ఆగింది?"

"బాపు వీడియో. సేఠ్ ఇయ్యాల్నే మాయం జేస్తడని వాచ్‌మన్ రాజనర్సు చెప్పిండు. బాపు పాస్‌వర్డ్ నాకెరికే. గుంజుకుంటున్న."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పేదేముంది? బాపు బద్లీ నేను గాక ఇంకెవరు?"

బద్లీ...

సాంచా మీద, మరమగ్గం మీద, మనిషి పడిపోతే ఇంట్లోవాళ్ళు అదే పేరు మీద వచ్చి నిలబడతారు. ఎవరూ ఎవరికీ చెప్పరు. నరహరి కూడా నాయన పేరు మీద అలాగే నిలబడ్డాడు. ఆ పేరు చూడగానే తట్టాల్సింది.

తట్టలేదు.

"ఆగు చెల్లె. ఇప్పుడే తీస్త."

ఆజ్ఞ రద్దు చేశాడు. తెర కదల్లేదు.

మళ్ళీ కొట్టాడు...

తనూ బయటే ఉన్నాడు! ఈ గదిలోంచి నెట్ మీదే కదా సర్వర్‌లోకి వెళ్ళింది. ముందు తనకి దారి ఉంచుకోవాలి, తర్వాత తలుపు మూయాలి. కోపంలో మూసేశాడు. తాళంచెవి లోపలుండిపోయింది.

బండి తీశాడు. సర్వర్ ముందు కూర్చుంటే చాలు... ఒక్క నిమిషం పని...

మిల్లు గేటు. రాజనర్సు తల దించుకున్నాడు.

"సేఠ్ రూంల కెమెరా టీవీ ఒక్కపారే ఆగిపోయింది గదా. ఎవలో కెలుకుతున్నరని ఉరికొచ్చిండు."

"సర్వర్ ఏది?"

రాజనర్సు చెయ్యెత్తి చూపించాడు.

రంగు తొట్టి. నిండా ఎర్రనీళ్ళు. సర్వర్ మునిగిన చోట ఒక్కొక్క బుడగే పైకొస్తోంది.

ఫోన్ మళ్ళీ మోగింది.

"అన్నా... వచ్చినంత వరకు చూసిన. ఒకడు తాళం పట్టుకొని తలుపు కాడికొచ్చిండు. వీపే కనబడుతుంది."

"మొఖం?"

"ఇటు తిరగబోతుండు. అక్కడ్నే ఆగింది."

నరహరి తొట్టి వైపు చూశాడు.

"అన్నా... దాన్ని ఆపిందెవలు?"