అద్దం అవతలి మాట

"నేను రావడం లేదు. నువ్వూ మీ చెల్లీ వెళ్లి రండి."

పొద్దున్నే కాఫీ కప్పు బల్లమీద పెడుతూ భర్త ఈ మాట అనేసరికి టీచరమ్మకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ముప్పయ్యో పెళ్లిరోజుకి యూరప్ వెళ్దామన్నది ఆయనే. ఆమె ఆడపిల్లల బడిలో భూగోళం పాఠాలు చెబుతుంది. పుస్తకం ముట్టుకోకుండా నల్లబల్ల మీద యూరప్ పటం గీసి, ఏ నది ఏ ఊరిని ఒరుసుకుని పారుతుందో చూపిస్తుంది. "ఎన్నేళ్లని గీస్తావు టీచరమ్మా, వెళ్లి చూసొద్దాం పద" అని ఆమెని కదిలించింది ఆ వడ్రంగి మనిషే... తీరా టికెట్లు ఖాయం చేసుకునే వేళకి ఈ మెలిక ఏమిటి?

"ఎందుకని?" అంది.

"కొట్లో పనుంది. తలుపుల ఆర్డరొకటి ఒప్పుకున్నాను."

ఆయన ఆమె మొహంలోకి ఒకసారి చూసి, చూపు తిప్పేసుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అప్పుడు తన గుండెలో కదిలిందేమిటో తలుచుకుంటే టీచరమ్మ తల ఇప్పటికీ వాలిపోతుంది. అది బాధ కాదు, కోపమూ కాదు. హమ్మయ్య అనిపించింది... కట్టుకున్న భర్త తోడు రానంటే ఆమెకి హమ్మయ్య అనిపించింది!

ముందురోజు సాయంత్రం చెల్లెల్ని వెంటబెట్టుకుని ట్రావెల్ ఆఫీసుకి వెళ్లారు. చెల్లెలు నాలుగు దేశాలు తిరిగొచ్చిన మనిషి, ఆ తతంగమంతా తెలిసినది. అద్దాల తలుపులు, చల్లటి గది, గోడనిండా మంచుకొండల బొమ్మలు. కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి తల వంచుకునే టకటకా మీటలు నొక్కుతూ, "సార్, మీకు కిటికీ పక్కన సీటు కావాలా?" అని అడిగింది.

ఆయన ముందుకు వంగి, ఎంతో గంభీరంగా, "కిటికీకా? కిటికీకైతే టేకే మంచిదమ్మా. వానకి ఉబ్బదు, చెద పట్టదు" అన్నాడు.

గదంతా గొల్లుమంది. పక్క బల్ల దగ్గర ఎవరో జంట కూడా వెనక్కి తిరిగి మరీ నవ్వారు. చెల్లెలు రుమాలు అడ్డం పెట్టుకుంది. అందరితోపాటు ఆయనా నవ్వాడు, ఎందుకు నవ్వుతున్నారో తెలియని నవ్వు. అది చూసి టీచరమ్మకి ఒళ్లంతా చీమలు పాకినట్టయింది. చెల్లెలి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి, అద్దం తలుపు మూసుకోగానే కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

"ఈ మనిషిని వెంటేసుకుని ఆ ఊళ్లలో ఎలా తిరగనే? సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఉత్త మొద్దు... ఇంతకన్నా నీతో వెళ్లినా హాయిగా ఉండేది."

"వస్తానక్కా. బావగారిని ఒప్పించు మరి" అని చెల్లెలు కన్నుగీటింది.

అద్దం అవతల సోఫాలో ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని వీళ్లవైపే చూస్తూ కూర్చున్నాడు. ఇంత మందం అద్దంలోంచి ఏం వినపడుతుందిలే అనుకుంది టీచరమ్మ.

అందుకే ఇవాళ ఆయన రానన్న కాసేపటికే ఆమె చెల్లెలికి ఫోన్ చేసింది. సెలవురోజు కావడంతో చెల్లెలు మధ్యాహ్నానికే చలికోట్లు, చక్రాల పెట్టె వేసుకుని దిగిపోయింది. మంచమంతా కోట్లు పరిచి ఇది నీకు, ఇది నాకు అని పంచుతూంటే టీచరమ్మకి ఎక్కడో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఆయన కేరియర్ మరిచిపోయి వెళ్లాడని అప్పుడు చూసింది. అన్నం సర్దుకుని, ఆ వంకతో ఒక మంచి మాట కూడా చెప్పి వద్దామని కొట్టుకి బయలుదేరింది.

కరెంటు పోయి రంపం మిషన్ ఆగి ఉంది. పనివాళ్లు భోజనాలకి వెళ్లినట్టున్నారు. నిశ్శబ్దంగా ఉన్న ఆ కొట్టులో ఆయన ఒక్కడే, గుమ్మానికి వీపు పెట్టి, తలుపు చెక్క మీద గరుకు కాగితం రుద్దుతున్నాడు.

"ఏమండీ" అని పిలిచింది.

ఆయన తిరగలేదు. కోపం కాబోలనుకుని, కాస్త దగ్గరికి జరిగి, "ఏమండీ, మిమ్మల్నే. అన్నం తెచ్చాను" అంది. రుద్దుడు ఆగలేదు. కేరియర్ పెట్టడానికి పక్కకి తిరగబోతే ఆమె మోచెయ్యి తగిలి గోడకి ఆనించిన చెక్కలన్నీ దభాలున కూలాయి. వీధిలో పడుకున్న కుక్క ఉలిక్కిపడి లేచింది. ఆయన మాత్రం ఉలిక్కిపడలేదు. కాళ్లకింద నేల అదిరిందేమో, చెయ్యి ఆపి మెల్లిగా వెనక్కి తిరిగాడు. తిరిగీ తిరగగానే ఆయన చూపు వచ్చి ఆమె పెదాల మీద వాలింది.

టీచరమ్మ కేరియర్ని మెల్లిగా కింద పెట్టేసింది. ఎన్ని గుర్తుకొచ్చాయని! తను వంటింట్లో మాట్లాడుతుంటే ఆయన పనిగట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడేవాడు. అడ్డం లేవండని కసిరేది. ఫోన్ మోగితే "నువ్వే మాట్లాడు" అని ఆమె చేతికిచ్చేవాడు. ఎంత బద్ధకమో అని సణిగేది. చీకట్లో తను చెప్పుకున్న కష్టసుఖాలకి జవాబు రాకపోతే నిద్రపోయాడనుకునేది...

"ఎన్నాళ్లయింది?" అంది. గొంతు పెగల్లేదు. పెదాలు కదిలాయంతే. ఆయనకి అదే చాలింది.

"కొన్నేళ్లయింది. మిషన్ మోతకి నరం చచ్చిపోయిందన్నాడు డాక్టరు. చెవికి మిషన్ పెట్టుకుంటే కొంత తెలుస్తుందట."

"పెట్టుకోలేదేం? నాతో చెప్పలేదేం?"

ఆయన చేతికంటిన చెక్కపొట్టు దులుపుకున్నాడు. "పెట్టుకుంటే ఊరందరికీ తెలుస్తుంది కదా. టీచరమ్మ మొగుడు చెవిటివాడంటారు. నీకెందుకా తలవంపులని..."

"నిన్న... ఆఫీసులో..."

"ఆ అమ్మాయి తల వంచుకుని మాట్లాడింది. సగమే అందింది నాకు." కిందపడ్డ చెక్కొకటి తీసి గోడకి ఆనించాడు. "నీ మాటలు మాత్రం అన్నీ అందాయి. నువ్వు అద్దానికెదురుగా నిలబడ్డావు కదా. ముప్పయ్యేళ్లుగా చూస్తున్న మొహమాయె. పోనీలే, నువ్వన్నదాంట్లో తప్పేముంది? నీ ముచ్చట నావల్ల పాడవకూడదు."

కొడితే బాగుండుననిపించింది టీచరమ్మకి. నాలుగు తిట్లు తిడితే ఓర్చుకునేది. ఆ మెత్తటి మాటకి ఆమె పొట్టులోనే కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. అలా కప్పుకుంటే తన మాట ఆయనకి అందదని మరుక్షణమే తోచి చేతులు తీసేసింది. తడిసిన మొహాన్ని ఎత్తి ఆయనకి చూపిస్తూ అన్నీ చెప్పేసింది. పొద్దున ఆయన రానంటే హమ్మయ్య అనుకున్న సంగతి కూడా దాచలేదు. ఆ మాట దగ్గర ఆయన కళ్లు ఒక్కసారి మూసుకున్నాడు. తర్వాత చెయ్యి అందించి ఆమెని లేవదీశాడు.

"నన్ను క్షమించండి అనడానికి కూడా నోరు రావడం లేదు" అంది.

"ఇప్పుడేగా అన్నావు" అన్నాడాయన.

ఇద్దరూ కలిసి ఇంటికొచ్చేసరికి చెల్లెలు అద్దం ముందు నిలబడి చలికోటు బొత్తాలు పెట్టుకుంటోంది. బావగారిని చూసి చప్పున సర్దుకుని నవ్వింది.

"నువ్వు రావడం లేదే. మీ బావగారూ నేనూ వెళ్తున్నాం. ముందు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తాం, టికెట్లు ఆ తర్వాత" అంది టీచరమ్మ.

చెల్లెలి మొహం ముడుచుకుపోయింది. "అదేంటక్కా, నిన్న నువ్వే కదా ఆయనతో తిరగడానికి సిగ్గని..." అని నాలుక కరుచుకుంది.

టీచరమ్మ చెవులు ఎర్రబడ్డాయి. లోపలికి వెళ్లిపోయి తలుపేసుకోవాలనిపించింది. అయినా కదలకుండా, చెల్లెలివైపు కాక భర్తవైపు తిరిగి, ఒక్కొక్క మాటా విడదీసి, పెదాలు బాగా కదిలిస్తూ అంది. "అవును. అన్నాను. మీకు వినపడదన్నది కూడా తెలుసుకోకుండా, మీ కళ్లెదుటే అన్నాను. సిగ్గుపడాల్సింది నేను."

చెల్లెలు కోటు విప్పి, మడతపెట్టే నెపంతో తల వంచుకుంది. ఆయన మాత్రం భార్య మొహంలోకే చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి ఆయన పెదవి చివర చిన్న నవ్వు కదిలింది.

"మరీ అంత సాగదీసి మాట్లాడకు టీచరమ్మా, నాకు తికమకగా ఉంటుంది. మామూలుగా మాట్లాడు. నీ మామూలు మాటే నాకు అలవాటు" అన్నాడు.